ఒక్కపొద్దు నాటి మాత్ర

వాక్కుకు అధిదేవత అయిన తల్లికీ, ఆమె నివాసం నాలుక చివర అని నాకు నమ్మకం కలిగించిన గురువులకూ నమస్కరించి, అటువంటి నాలుకకే వచ్చిపడిన ఒక కష్టాన్ని గురించి వ్రాయబూనుతున్నాను. విఘ్నాలను తొలగించే స్వామి నా చేతివణుకును కూడా ఈ పూటకు తొలగించుగాక.

స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సరం, ఉత్తరాయణం, శిశిర ఋతువు, మాఘ శుద్ధ పంచమి, శుక్రవారం. గిద్దలూరు.

పుస్తకాలను పీట మీద పేర్చి పూజించే రోజు ఇది. పూజ ముగిసిన తర్వాత తెల్లకాగితాలనూ కలాన్నీ మాత్రం పీట మీద నుండి వెనక్కు తీసుకున్నాను. రేపు శనివారం. రేపు వీటిని ముట్టను. ఎందుకు ముట్టనో చెప్పడానికే ఈ వ్రాత.

మా అక్క కంభం చెరువు కింద ఆయకట్టు పల్లెలో ఉంటుంది. నాకంటె కొద్దిగా పెద్దది. బావ పోయిన తర్వాత కూడా మడి గట్ల మీద తిరగడం మానలేదు. కొడుకూ కోడలూ సేద్యం చూసుకుంటున్నా, నారు పోసే నాడు ఆమె గట్టు మీద నిలబడకపోతే వాళ్ళకు పని మొదలుపెట్టడానికి మనసు రాదు. ఊళ్ళో ఆమెకు మరొక పదవి కూడా ఉంది. వైశాఖం వస్తే ఆవకాయ కలిపిన ప్రతి ఇల్లాలూ ఒక ముక్క ఆకులో పెట్టుకొని ఆమె దగ్గరకు వస్తుంది. అక్క దానిని నాలుక మీద వేసుకొని, కళ్ళు మూసుకొని, ఉప్పు చాలినదీ లేనిదీ చెబుతుంది. ఆమె సరే అన్న తర్వాతే జాడీకి వాసెన కడతారు.

గత వైశాఖంలో సొంత ఇంటి ఆవకాయకే ఆమె ఉప్పు తక్కువ అన్నది. కోడలు కలిపింది. మళ్ళీ చూసి ఇంకా తక్కువే అన్నది. కోడలు అనుమానిస్తూనే ఇంకొంత కలిపింది. ఆ జాడీని ఎవరూ తినలేకపోయినారు. నేను వెళ్ళినప్పుడు ఒక ముక్క రుచి చూసి చెంబెడు నీళ్ళు తాగినాను. అక్క నన్ను వింతగా చూసింది. ఆమెకు ఉప్పు తెలియడం లేదని ఇంటిల్లిపాదికీ అర్థమయింది అప్పుడే. నోరు తెరిపించి చూస్తే నాలుక మీద పెరుగు మీగడ పరిచినట్లు తెల్లటి పాచి. వేలితో తుడిస్తే కింద ఎర్రగా, పచ్చిగా కనిపించింది.

మార్కాపురంలో ఒక డాక్టరు దగ్గరకు తీసుకుపోయినాము. అతడు టార్చి వేసి చూసి, ఇది ఈస్ట్ జాతి ఫంగస్ అనీ, ప్రతి మనిషి నోటిలోనూ కాస్తో కూస్తో ఉంటూనే ఉంటుందనీ, ఒంట్లో చక్కెర పెరిగినప్పుడు అది కూడా పెరుగుతుందనీ చెప్పినాడు. అక్కకు చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉన్నది. దానికి వాడే మాత్రలతో పాటు ఫంగస్‌కు రోజుకొక మాత్ర రాసి, పాచి పోయినట్లు కనిపించినా చెప్పినన్నాళ్ళూ మానకూడదని గట్టిగా చెప్పి పంపినాడు.

వారం తిరిగేసరికి నాలుక ఎర్రబడింది. అందరమూ సంతోషించినాము. ఆషాఢంలో మళ్ళీ తెల్లబడింది. మళ్ళీ మాత్రలు, మళ్ళీ తగ్గుదల. శ్రావణంలో మరల వచ్చినప్పుడు డాక్టరు మోతాదు పెంచినాడు. ఈసారి తగ్గుదల సగంలోనే ఆగింది. ఆశ్వయుజం నాటికి మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే అయింది. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు, అవ్వా, మాత్రలు సరిగా వేసుకుంటున్నావా అని అడిగేవాడు. అక్క తల ఊపేది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. వేసుకోవలసిన రోజులన్నిటా వేసుకుంటున్నానని ఆమె నమ్మకం.

ఆమె ప్రతి శనివారమూ ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా ఏమీ తినదు; సాయంకాలం దీపం పెట్టిన తర్వాతనే అన్నం. ఆ రోజు మందు కూడా ముట్టదు. చక్కెర మాత్ర, ఫంగస్ మాత్ర, ఏదైనా సరే, కోడలు దేవుని పటం ముందు పసుపు భరిణె పక్కన పెడుతుంది. ఆదివారం వేరే మాత్ర వేసుకుంటుంది గానీ, పటం ముందు పెట్టినది తిరిగి తీసుకోరు. ఏకాదశులకూ అంతే, కార్తిక సోమవారాలకూ అంతే. ఆ పటం ముందు గులాబీరంగు మాత్రలు వరుసగా ఉండడం నేను ఎన్నోసార్లు చూసినాను. పూలు ఎంత సహజంగా ఉన్నవో అవీ అంత సహజంగా ఉన్నవి. ఇల్లంతా ఎరిగిన సంగతి. డాక్టరుకు చెప్పవలసిన సంగతి అని మాత్రం ఎవరికీ తోచలేదు.

కార్తిక బహుళంలో అక్క గొంతులోకి మంచినీళ్ళు కూడా దిగడం మానేసినవి. గుటక వేసిన ప్రతిసారీ రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని కళ్ళు మూసుకొనేది. రవికెలు వదులయినవి. ఇంటివాళ్ళు భయపడి నాకు ఫోను చేస్తే నేను మొదటి రైలుకు కంభం పోయినాను. ఆ దినమే ఆమెను మార్కాపురం తీసుకుపోయినాము. అది ఏకాదశీ, శనివారమూ కలిసి వచ్చిన రోజు.

డాక్టరు ఆమెను చూసి, ఆలస్యం చేయకుండా ఒక మాత్రను చెంచాడు నీళ్ళలో నూరించి తన చేతితోనే నోటి దగ్గర పెట్టినాడు. అక్క పెదవులు బిగించుకున్నది.

“ఈ పొద్దు శనివారం నాయనా,” అన్నది.

“శనివారమైతే ఏందవ్వా?”

“శనివారం నా వైద్యుడు వేరే ఆయన. నీ వంతు రేపు.”

అతడు మొదట నవ్వినాడు. నవ్వుతూనే, ప్రతి శనివారమూ ఇంతేనా అని అడిగినాడు. అక్క కొంత గర్వంగానే ఔనన్నది. పెళ్ళయిన కొత్తలో పట్టిన మొక్కు అనీ, పురుడు పోసుకున్న వారాల్లో కూడా తప్పలేదనీ చెప్పింది. అతడి నవ్వు ఆగిపోయింది. చెంచా పక్కన పెట్టినాడు. ఆ తర్వాత ఆమె నాలుక మీద దూదిపుల్లతో రాసి, ఆ పుల్లను గాజుగొట్టంలో మూసి, దీనిని కర్నూలుకు పంపాలి, ఏ మందుకు లొంగుతుందో ఏ మందుకు లొంగదో వాళ్ళే చెప్పగలరు, మీరు కూడా ఆమెను తీసుకొని అక్కడికే పోండి అన్నాడు. మమ్మల్ని మందలించలేదు. మందలిస్తే బాగుండునని నాకు అనిపించింది.

ఆ మొక్కు సంగతి ఇక్కడే చెప్పాలి.

నేను ప్రాచ్య కళాశాలలో చదువుకునే రోజుల్లో నాకు సన్నిపాత జ్వరం తగిలింది. హాస్టలు నుండి నన్ను ఇంటికి మోసుకువచ్చినారు. మా నాయన కంభం నుండి తెచ్చిన మందులు లోపల నిలవడం లేదు. అక్కకు అప్పుడే పెళ్ళయింది. ఆమె తెల్లవారుజామున చెరువు కాలువలో మునిగి, తడిబట్టలతో గట్టు మీద నిలబడి, తిరుమల దిక్కుకు తిరిగి మొక్కుకున్నదట. వీడి మందు పని చేయడం లేదు, ఇక వీడికి మందు నువ్వే. వీడు లేచి తిరిగితే నా శనివారాలు నీవి. ఆ రోజు నాకు కూడా వైద్యుడివి నువ్వే, వేరే మందు ముట్టను. ఇవీ ఆమె మాటలు. నేను లేచినాను. ఆ తర్వాత చాలాకాలం బ్రతికి, ఎందరో పిల్లలకు పాఠం చెప్పి, ఉద్యోగ విరమణ కూడా చేసినాను. ఆమె శనివారాలు మాత్రం విరమించలేదు. ఏకాదశులూ కార్తిక సోమవారాలూ తర్వాత అలవాటుగా కలిసినవే; మొక్కు లేని వాటిని మానడం ఆమెకు కష్టం కాదు.

కర్నూలులో నాకు ఒక ఆధారం ఉన్నది. గిద్దలూరు బడిలో నా దగ్గర తెలుగు చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు అక్కడి వైద్య కళాశాలలో సూక్ష్మజీవుల శాస్త్రం బోధిస్తున్నది. ఈ ఈస్ట్‌లను గురించే పరిశోధన కూడా చేస్తున్నదని విని ఉన్నాను. నేను ఫోను చేస్తే, అయ్యవారూ, పెద్దమ్మను ముందు తీసుకురండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం అన్నది. వార్డులో మంచం ఇప్పించింది. చక్కెరను అదుపులోకి తెచ్చే పని మొదలయింది.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం అమ్మాయి అక్క మంచం దగ్గరకు వచ్చి, ఫోనులో ఒక బొమ్మ చూపింది. గుండ్రని గాజుపళ్ళెం. దానిలో మేత పోసి అక్క నోటి ఫంగస్‌ను పెంచినారు. పళ్ళెం మీద అక్కడక్కడా మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్ళలు పెట్టినారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని ఖాళీ వలయం ఏర్పడుతుందట. ఒక బిళ్ళ చుట్టూ అటువంటి వలయం విశాలంగా ఉన్నది. అక్క ఇన్నాళ్ళూ మింగిన మందు బిళ్ళ చుట్టూ మాత్రం ఏ ఖాళీ లేదు. గడ్డి గట్టు దాకా మొలిచినట్లు, ఫంగస్ ఆ బిళ్ళ అంచును ఒరుసుకొని పెరిగి ఉన్నది.

“మన మందు దానికి ఎరువు అయినట్లుందే,” అన్నది అక్క.

నేను అది మందుకు ఎదురుతిరగడం నేర్చుకున్నదన్నమాట అన్నాను. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. బడిలో నేను ఆమె సమాసం తప్పు దిద్దినప్పుడు ఆమె ఎంత ఓపికగా వినేదో, ఇప్పుడు నన్ను అంత ఓపికగా దిద్దింది.

నేను గ్రహించినంత మట్టుకు సంగతి ఇది. ఫంగస్ కణం చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొరకు కావలసిన కొవ్వువంటి పదార్థాన్ని కణమే తయారు చేసుకుంటుంది. అక్క వేసుకున్న మాత్ర ఆ తయారీని ఆపుతుంది. అయితే ఆ కణానికి, తనలోకి వచ్చిన విషాన్ని బయటికి తోడిపోసే చిన్న పంపులు పుట్టుకతోనే ఉన్నవి. వాటిని తయారు చేసే విధానం దాని జన్యువులో ఎప్పటినుండో వ్రాసి ఉన్నది. మామూలు రోజుల్లో ఆ జన్యువు దాదాపు మౌనంగా ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు దానిని మేల్కొలిపి, అవసరం తీరగానే మళ్ళీ నిద్రపుచ్చే ప్రొటీను ఒకటి వేరే ఉంటుంది.

చెరువు కింద పుట్టిన నాకు ఇది వినగానే నీరుగంటి గుర్తుకు వచ్చినాడు. చెరువు తూము తెరిచే హక్కు ఊళ్ళో అతడికే ఉండేది. ఏ కాలువకు ఎప్పుడు, ఎంత అన్నది అతడి చేతిలోని పని. చెరువు అదే, తూము అదే, కాలువలు అవే. పొలానికి నీళ్ళు రావడమూ రాకపోవడమూ ఆ ఒక్క మనిషి మీద ఉండేది. ఆ ప్రొటీను నీరుగంటి వంటిదా అని అడిగినాను.

ఆమె ముఖం వికసించింది. అచ్చం అంతే అన్నది. పెద్దమ్మ నోటిలోని ఫంగస్‌లో పంపు జన్యువు మారలేదు, దాని నీరుగంటిలో చిన్న మార్పు వచ్చింది. ఇప్పుడు అతడు తూము తెరవడమే గాని మూయలేడు. మందు ఉన్నా లేకున్నా పంపులు విపరీతంగా తయారవుతూనే ఉన్నవి. లోపలికి పోయిన మాత్ర లోపల నిలవదు. అంతేకాక, మాత్ర అడ్డగించే ఆ కొవ్వువంటి పదార్థాన్ని కూడా అవసరానికి మించి తయారు చేయించే మరొక తూము కూడా సగం తెరుచుకున్నట్లు తమ పరీక్షల్లో కనిపిస్తున్నదని చెప్పింది.

“అయితే గ్రంథం మారలేదు కదా,” అన్నాను.

“పంపు అధ్యాయం మారలేదు అయ్యవారూ. దానిని ఎప్పుడు పారాయణ చేయాలో చెప్పే చోట ఒక్క అక్షరం మారింది. ఇక ఆ అధ్యాయాన్నే పగలూ రాత్రీ చదువుతా ఉంది.”

నేర్చుకోవడం అన్న నా మాటను కూడా ఆమె వదలలేదు. ఎవరూ ఏమీ నేర్చుకోలేదట. లెక్కలేనన్ని కణాల్లో ఒకటో రెండో అట్లాంటి నీరుగంటితోనే పుడతవి. మందు పూర్తిగా, విరామం లేకుండా అందినప్పుడు, ఒళ్ళు కూడా బలంగా ఉన్నప్పుడు, ఆ కొద్దిపాటి కణాలను ఒళ్ళే తుడిచిపెడుతుంది. మందు అన్నిటినీ చంపడానికి చాలకుండా, లొంగేవాటిని ఏరివేయడానికి మాత్రం చాలినంతగా వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చినప్పుడు మిగతావి పోయి అవి మిగులుతవి. మిగిలిన వాటి సంతానమే నోరంతా పరుచుకుంటుంది. అక్క శనివారాలు ఒక్కటే దీనికి కారణమని తాను ప్రమాణం చేయలేనని కూడా చెప్పింది. ఆ మందు ఒంట్లో ఒకరోజుకు పైగానే నిలుస్తుందట. కాని చక్కెర మాత్రలు మానడం, ఏకాదశులూ సోమవారాలూ కలవడం, విడతలు విడతలుగా నెలల తరబడి వాడడం, ఇవన్నీ ఒకచోట చేరినప్పుడు ఎవరి భాగమెంతో పంచడం కష్టమని అన్నది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అక్క పడుకొని వింటూనే ఉన్నది. తూమును మూసేవాడిని మార్చలేమా అని అడిగింది. మార్చలేము పెద్దమ్మా, వేరే దారిన పోవాలి అన్నది అమ్మాయి. పళ్ళెంలో విశాలమైన వలయం తెచ్చుకున్న మందు సూదిమందు. అది ఆ పొరకు కూడా వెలుపల, కణం చుట్టూ ఉండే గోడను బయటినుండే పాడుచేస్తుంది. లోపల ఎన్ని పంపులున్నా దానిని తోడిపోయలేవు. రోజూ నరం ద్వారా ఎక్కించాలి. ఒక్కరోజు కూడా మానకూడదు. చక్కెర మందు, వేళకు అన్నం కూడా మానకూడదు. ఈ మందుకు కూడా లొంగకపోతే మిగిలిన దారులు బహు కొద్ది, అవి మూత్రపిండాలకు బరువు.

మొదటి సూది ఎప్పుడు అని నేను అడిగినాను. ఫలితం ఇప్పుడే వచ్చింది, రేపు పొద్దున అన్నది ఆమె. రేపు శనివారం.

అక్క గోడవైపు తిరిగింది.

నేను నా పాండిత్యాన్ని బయటికి తీసినాను. వ్రతాన్ని భంగపరచని వస్తువుల్లో ఔషధాన్ని కూడా ధర్మశాస్త్రకారులు చేర్చినారనీ, నీళ్ళూ పాలూ మందూ వ్రతానికి అడ్డం కావనీ చెప్పినాను. సూదిమందు నోటిలోకి పోదు గదా అని అమ్మాయి కూడా కలిపింది. అక్క ఇటు తిరగకుండానే జవాబు చెప్పింది.

“నేను మీ శాస్త్రం చూసి మొక్కలేదురా. నోటితో మొక్కినా. మందు ముట్టను అన్నా. నోట్లో పోసినా నరంలో పోసినా మందు మందే.”

“ఆయన ఒప్పుకోడా అక్కా, నీ ప్రాణం మీదికి వస్తే?”

“ఆయన ఒప్పుకుంటాడు. ఇచ్చిన మాట నాది. నువ్వు లేచినావు కదా, నేను ఎట్ల ఎగ్గొట్టేది?”

ఆమె మానిన ప్రతి మాత్రా నా పేరనే మానింది. నా జ్వరం తగ్గి ఎన్నో ఏళ్ళయినా, ఆపద తీరిన తర్వాత కూడా ఆమె తెరిచిన తూము అట్లాగే తెరిచి ఉన్నది. ఈ పోలిక నాకు తోచిన క్షణంలోనే దానిని నాలో నేనే ఖండించుకున్నాను. ఆ జీవి తెరిచినది తాను మిగలడానికి. మా అక్క తెరిచినది మరొకడు మిగలడానికి. అయినా, ఒక ఆపదకు పుట్టిన పని ఆపద పోయిన తర్వాత కూడా ఆగకపోతే ఏమవుతుందన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే. ఎప్పుడూ తెరిచి ఉన్న తూము వలన చెరువు అడుగంటుతుంది. ఆ ఫంగస్‌కు కూడా మందు లేని కాలంలో అన్నేసి పంపులు భారమేననీ, ఒక్కొక్కప్పుడు అది తోటివాటి ముందు బలహీనపడుతుందనీ అమ్మాయి చెప్పింది. మా అక్క ఒళ్ళు ఎంత అడుగంటినదో ఆ మంచం మీద కనిపిస్తూనే ఉన్నది.

పొద్దు వాలే వేళ ఆమె తనంతట తానే ఇటు తిరిగింది. అత్త పోతే అత్త నోము కోడలు పట్టుకుంటుంది కదా అన్నది. ఔనన్నాను. అత్త బ్రతికి ఉండగానే, చేతకాక ఇస్తే పట్టుకోకూడదని ఎక్కడన్నా ఉందా అని అడిగింది. ఎక్కడా లేదన్నాను, నిజంగానే లేదు. కోడలికి ఇస్తావా అని అడిగినాను.

“కోడలికి ఎందుకు? ఈ మొక్కు ఎవరి కోసం వచ్చిందో వాడే పట్టుకోవాల. నువ్వు పట్టుకో.”

నేను వెంటనే సరే అన్నాను. ఆమె నమ్మలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే అన్నం అన్నం అంటూ వంటింటి చుట్టూ తిరిగేవాడివి, నీకు ఒక్కపొద్దు ఏడ అవుతుంది అని నవ్వింది. ఆ నవ్వుకు గొంతు నొప్పిపెట్టి, అక్కడ చెయ్యి పెట్టుకున్నది. ఆ తర్వాత, రేపు సూది వేసే లోపల ఇది జరగాలి, తలారా స్నానం చేసి తడిబట్టలతోనే వచ్చి నా ముందర నిలబడు అన్నది.

మరునాడు తెల్లవారగానే వరండా చివర కుళాయి కింద తల పెట్టినాను. తడి పంచెతో వార్డులోకి వస్తుంటే ఒక నర్సు ఎదురయింది. తాతా, నేలంతా తడుస్తా ఉంది, ఎవరన్నా జారి పడితే నువ్వు కట్టు కడతావా అని నిలదీసింది. మొక్కు అని చెప్పినాను. ఆమె మారుమాట లేకుండా గోనెపట్టా ఒకటి తెచ్చి నా కాళ్ళ కింద వేసింది.

నేను ఆచమనం చేసి, దేశకాల సంకీర్తనంతో సంస్కృతంలో సంకల్పం మొదలుపెట్టినాను. ఆ తిథికీ ఆ వారానికీ తగినట్లు అప్పటికప్పుడు కూర్చుకున్న వాక్యం, బాగానే కుదిరింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“నీ సంస్కృతం ఆపు. నేను చెప్పినట్ల చెప్పు. శనివారం నాది కాదు, నీది.”

చెప్పినాను.

“పొద్దు గూకేదాకా అన్నం ముట్టను.”

చెప్పినాను. ఇక మందు మాట వస్తుందని ఎదురుచూసినాను. నాకు రక్తపోటు ఉన్నది. రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. మంచం పక్కన నిలబడి ఉన్న నా శిష్యురాలి ముఖంలో కూడా అదే ఆందోళన కనిపించింది. అక్క అన్నది:

“మందు వద్దులే. మందు మానితే నీకూ ఇదే గతి. నీకు మందు కన్నా కావాల్సింది ఏందో నాకు తెలుసు. శనివారం పుస్తకం ముట్టను, కలం ముట్టను అను.”

చిన్ననాటి నుండి ఒక్కరోజు కూడా అక్షరం చూడకుండా నేను గడిపి ఎరుగను. జ్వరంలో కూడా దిండు కింద పుస్తకం ఉండేది. తడి పంచె నుండి గోనెపట్టా మీదికి నీళ్ళు కారుతున్నవి.

“ఏంది, అన్నం ఇడిసినంత సులువుగా లేదా?”

చెప్పినాను. అక్క చేతులు జోడించి గోడ మీది గడియారం వైపు, బహుశా దాని వెనుక తిరుమల ఉన్నదని తలచి, ఒక నమస్కారం పెట్టింది. ఆ తర్వాత ఎడమ చెయ్యి చాపి, కానీ తల్లీ అన్నది నా శిష్యురాలితో.

సూదిమందు సీసాలో నుండి చుక్క చుక్కగా దిగుతుండగా నేను వరండాలోని బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఎవరో చదివి వదిలేసిన దినపత్రిక ఉన్నది. చెయ్యి దానివైపు పోయి ఆగింది. ఆ మధ్యాహ్నం అంతటి పొడుగైన మధ్యాహ్నాన్ని నేను ఎరుగను. చదవడానికి ఏమీ లేనందువలన మనుషులను చూస్తూ కూర్చున్నాను. తల్లులు పిల్లలకు మందు పట్టే తీరు, పిల్లలు పెదవులు బిగించే తీరు. ఒక తల్లి మాత్రను విరిచి, సగం తిరిగి పొట్లంలో పెట్టుకున్నది. వెళ్ళి చెబుదామని లేచినాను. నాకంటె ముందే నా శిష్యురాలు ఆమె పక్కన కూర్చొని, చెరువునూ తూమునూ చేతులతో అభినయిస్తూ చెబుతున్నది. నేను మళ్ళీ కూర్చున్నాను.

అక్క కార్తికం పోయి మార్గశిరంలో ఇంటికి వచ్చింది. వచ్చిన రోజున చేసిన మొదటి పని, దేవుని పటం ముందున్న మాత్రలన్నిటినీ తీసి, ఎవరూ వాడకుండా, తిరిగి ఆసుపత్రికి పంపించడం. ఇంకెవరి నాలుకైనా తెల్లబడితే ఇవి ఇద్దామా అని కోడలు అడిగిందట. అక్క ఆమెను చూసిన చూపును గురించి కోడలు నాకు ఫోనులో వర్ణించి చెప్పింది.

పొద్దు వాలుతున్నది. ఇక కలం మూసి పీట మీద పెట్టాలి. మిగిలిన రెండు మాటలు ఎల్లుండి వ్రాస్తాను.

మాఘ శుద్ధ సప్తమి, ఆదివారం. నిన్న నేను ఒక్కపొద్దు ఉండి, పుస్తకమూ కలమూ ముట్టలేదు. అక్క నిన్న వేళకు అన్నం తిని, చక్కెర మాత్ర వేసుకున్నది. ఈ వారం ఆమె నోటి నుండి తీసి కర్నూలు పంపిన నమూనాలో ఆ ఫంగస్ పెరగలేదని ఈ ఉదయం కబురు వచ్చింది. నిమ్మకాయ ఊరగాయలో ఉప్పు ఎక్కువయిందని ఆమె కోడలిని మందలించినట్లు కూడా తెలిసింది.